పాత చిన్న గాలిమరకు కొత్త రెక్కలు: వాట్లు కాదు, కొలతలు పట్టుకుని వెతకండి

మే నెలాఖరులో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. మేడ మీద నుంచి టపటపమని చప్పుడు వినిపించి పరిగెత్తుకుని వెళ్లి చూస్తే, గాలిమర మూడు రెక్కల్లో ఒకటి సగానికి విరిగి వేలాడుతోంది. మిగతా రెండూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, స్తంభం మొత్తం ఊగిపోతోంది. పదిహేనేళ్ల కిందట నాన్న పెట్టించిన మిషన్ అది. జనరేటర్ బాగుంది, బేరింగులు బాగున్నాయి, పోయింది రెక్క ఒక్కటే. దాన్ని అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఎవరిని అడిగినా "స్క్రాప్‌కి వేసేయండి, సోలార్ పెట్టుకోండి" అన్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు. ఇంత బాగున్న మిషన్‌ని ఒక్క రెక్క కోసం తూకానికి ఎందుకు అమ్మాలి?

రెక్కలు దొరికేసరికి మూడు నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి డబ్బులు దండగయ్యాయి. "400 వాట్ల రెక్కలు ఉన్నాయా, వెయ్యి వాట్లవి ఉన్నాయా" అని వెతకడమే నేను చేసిన తప్పు. వాట్లు జనరేటర్ సంగతి. రెక్కకు కావాల్సింది హబ్ (రెక్కలన్నీ బిగించే నడిమి భాగం) మీద బెజ్జాల కొలత, మొత్తం వ్యాసం, తిరిగే దిక్కు, ఎన్ని చుట్లు తిరగాలి అన్న లెక్క. ఈ నాలుగూ చేతిలో ఉంటే హైదరాబాద్‌లో కూర్చునే పని అయిపోతుంది. ఏది ముందు చేయాలో, ఏది తర్వాతో వరసగా చెప్తాను.

1. ముందు మిషన్‌ని ఆపండి

ఒక రెక్క విరిగాక మిగతా రెండింటితో ఒక్క గంట కూడా తిరగనివ్వకండి. మా రెక్క బరువు 800 గ్రాములు, దాని బరువు కేంద్రం హబ్ నడిమి నుంచి 36 సెంటీమీటర్ల దూరంలో ఉంది. నిమిషానికి 600 చుట్లు తిరుగుతున్నప్పుడు అది హబ్‌ని సుమారు 115 కిలోల బలంతో బయటికి లాగుతుంది. మూడు రెక్కలూ సమానంగా లాగినన్నాళ్లూ ఆ బలాలు ఒకదాన్నొకటి సరిపెట్టుకుంటాయి. ఒకటి విరిగితే ఆ తేడా అంతా స్తంభం మీద, గోడలో దిగిన బోల్టుల మీద పడుతుంది.

చిన్న మిషన్లలో ఎక్కువ భాగం శాశ్వత అయస్కాంతాల జనరేటర్లే. వాటి నుంచి మూడు వైర్లు దిగుతాయి. ఆ మూడింటినీ కలిపి షార్ట్ చేస్తే జనరేటరే బ్రేకులా పట్టేస్తుంది. ఇది రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చేది) కంటే ముందు, జనరేటర్ వైపు మాత్రమే చేయాలి. బ్యాటరీ వైపు వైర్లు షార్ట్ చేస్తే మంటలే. కొన్ని మిషన్లలో రెక్టిఫయర్ పైన డబ్బాలోనే ఉంటుంది, రెండే వైర్లు దిగుతాయి. అలాంటప్పుడు ముందు బ్యాటరీని పూర్తిగా విడదీసి, ఆ తర్వాతే ఆ రెండూ కలపండి. గాలి బాగా వీస్తుంటే కాస్త తగ్గేదాకా ఆగి బ్రేక్ వేయండి, లేకపోతే కాయిల్ కాలే ప్రమాదం ఉంది. ఆగిన వెంటనే ఒక రెక్కను తాడుతో స్తంభానికి కట్టేయండి. దించేటప్పుడు ఇద్దరు మనుషులు తప్పకుండా తోడుండాలి. మన కాలనీల్లో మేడ పిట్టగోడకు రెండు బారల దూరంలోనే 11 కేవీ లైన్లు పోతుంటాయి, స్తంభం ఏ వైపు వాలుతుందో ముందే చూసుకోండి.

2. విరిగిన ముక్కలు పారేయకండి

ఆ ముక్కలే మీ డ్రాయింగ్. అవి పోతే కొలతలకు ఆధారం ఉండదు. మా మేడ మీద పడ్డ ముక్కను పనిమనిషి చెత్తలో వేయబోతుంటే "అమ్మా, అది ఉంచు" అని లాక్కున్నంత పని చేశాను.

తర్వాత ఆ విరిగిన చోటును మంచి వెలుతురులో చూడండి. మా రెక్క ముందంచు మీద, కొనకు ఒక జానెడు లోపల, బ్లేడుతో గీసినట్టు సన్నని గాడి కనిపించింది. గోరు పెడితే దిగేంత లోతు. చూడగానే సంక్రాంతి గుర్తొచ్చింది. గాలిపటాల మాంజా చుట్టుకుంటే ఆ రోజు కత్తెరతో తెంపేసి ఊరుకున్నాం. ఆ గాడి దగ్గర మొదలైన నెర్రె నాలుగు నెలలు నిదానంగా పాకి మే గాలికి విరిగింది. మీది మాంజా కాకపోవచ్చు. మొదట్లో, అంటే బోల్టుల దగ్గర విరిగితే బోల్టులు వదులయ్యాయని అనుమానించాలి. రెక్క పైన తెల్లటి పొడి వేలికి అంటుకుంటే ఎండకు పైపూత చచ్చిపోయిందని అర్థం. మిగతా రెండింట్లోనూ అదే జరిగి ఉంటుంది. కారణం తెలియకుండా కొత్తవి బిగిస్తే అవీ అదే దారి పడతాయి.

మిషన్ కింద ఉండగానే చేత్తో షాఫ్ట్ తిప్పి చూడండి. గరగరమంటే బేరింగ్ కూడా మార్చాల్సిందే, నంబర్ చెప్తే రాణీగంజ్‌లో అరగంటలో దొరుకుతుంది.

3. నేమ్ ప్లేట్ చదవండి

సబ్బు నీళ్లతో తుడిచి, పక్క నుంచి టార్చి వేస్తే అరిగిన అక్షరాలు కూడా కనిపిస్తాయి. మోడల్ తెలిస్తే సగం పని తగ్గుతుంది. ఉదాహరణకు అమెరికాలో ఫ్లాగ్‌స్టాఫ్‌కు చెందిన సౌత్‌వెస్ట్ విండ్‌పవర్ 2013లో మూతపడింది. కానీ దాని ఎయిర్ వరస మిషన్లను ప్రైమస్ విండ్ పవర్ తీసుకుని కొనసాగించింది. కాబట్టి ఎయిర్ ఎక్స్, ఎయిర్ 403 ఉన్నవాళ్లు పాత కంపెనీ పేరుతో కాక ప్రైమస్ పేరుతో వెతకాలి. ఓక్లహామాలోని బెర్గీది మరో సంగతి, 1977 నుంచి ఉన్న కంపెనీ, పాత మోడళ్ల వివరాలు కూడా బాగానే దొరుకుతాయి.

మన దేశంలో కొన్న మిషన్ అయితే చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ జాబితాలు చూడండి. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ సబ్సిడీ పథకం కోసం అప్పట్లో చిన్న గాలిమరల మోడళ్లను వాళ్లే ఎంపిక చేసి ప్రకటించేవాళ్లు. తయారీదారు పేరు, రోటర్ వ్యాసం లాంటి వివరాలకు అది మంచి దారి.

ప్లేటే లేకపోతే దిగులు పడకండి, అసలు పని కొలతలతోనే.

4. కొలతలు తీయడం

దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. వెర్నియర్ కాలిపర్, టేపు, వంటింటి డిజిటల్ తూకం, అట్టముక్కలు, కోణం చూపించే యాప్ ఉన్న ఫోను చాలు.

మొదట వ్యాసం. హబ్ నడిమి నుంచి రెక్క కొన దాకా కొలిచి రెండుతో గుణించండి. రెక్క పొడవు ఒక్కటే కొలిచి రెండింతలు చేస్తే తప్పు, హబ్ భాగం లెక్కలోకి రాదు.

తర్వాత దిక్కు. గాలి వచ్చే వైపు నిలబడి మిషన్ ముఖాన్ని చూడండి. గడియారం ముల్లు వైపు తిరుగుతుందా, ఎదురా? ఆగిపోయిన మిషన్‌లో కూడా ఇది తెలుస్తుంది. రెక్క గుండ్రటి మందమైన అంచు ముందు నడుస్తుంది, పలచటి అంచు వెనక వస్తుంది. చదునుగా ఉన్న ముఖం గాలి వైపు, ఉబ్బుగా ఉన్నది వెనక వైపు. ఎడమ కాలి చెప్పు కుడికి పట్టనట్టే, ఒక దిక్కు రెక్కను తిరగేసి బిగించినా రెండో దిక్కుది అవదు.

ఇప్పుడు బెజ్జాలు. తేడాలన్నీ ఇక్కడే వస్తాయి. రెక్క మొదట్లో ఎన్ని బోల్టులు, ఒక్కోటి ఎన్ని మిల్లీమీటర్లు, ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమికి ఎంత, మొదటి బోల్టు హబ్ నడిమి నుంచి ఎంత దూరం, మొదట్లో రెక్క మందం ఎంత, ఇవన్నీ రాయండి. నడిమి నుంచి నడిమికి కొలవడం కష్టంగా ఉంటే ఒక బెజ్జం ఎడమ అంచు నుంచి రెండో బెజ్జం ఎడమ అంచుకు కొలవండి, బెజ్జాల సైజు ఒకటే అయితే అదే కొలత వస్తుంది.

హబ్ పళ్లెం మీద బోల్టులు వలయంగా ఉంటే ఆ వలయం వ్యాసం కావాలి. నడిమిలో షాఫ్ట్ అడ్డుంటుంది కాబట్టి పక్కపక్క బెజ్జాల మధ్య దూరం తీసుకుని, మూడు బెజ్జాలైతే 1.155తో, నాలుగైతే 1.414తో, అయిదైతే 1.701తో, ఆరైతే రెండుతో గుణించండి. మాది మూడు బెజ్జాలు, మధ్య దూరం 69.3 మిల్లీమీటర్లు, గుణిస్తే దాదాపు 80 వచ్చింది. ఇలా పూర్తి అంకెకు దగ్గరగా వస్తే కొలత కుదిరినట్టే. 77.3 లాంటిది వస్తే మళ్లీ కొలవండి. షాఫ్ట్ మందం, కీ గాడి, చివర నట్టు మరలు కూడా రాసి పెట్టుకోండి. రెక్కలు విడిగా కుదరకపోతే హబ్‌తో సహా కొనాల్సి వస్తుంది.

చివరగా రెక్క ఆకారం. బాగున్న రెక్కను బల్ల మీద పెట్టి మొదలు కదలకుండా బిగించండి. ప్రతి 10 సెంటీమీటర్లకు పెన్సిల్ గీత పెట్టి, అక్కడ వెడల్పు, మందం, వాలు కోణం తీయండి. కోణం కోసం ఒక సన్నని చెక్క పట్టీని చదును ముఖానికి ఆనించి, దాని మీద ఫోను పెడితే చాలు. మాది మొదట్లో 17 డిగ్రీలు, కొన దగ్గర 3. ఆ మెలికే రెక్కకు ప్రాణం. ప్రతి గీత దగ్గరా అట్టముక్కను కొద్దికొద్దిగా కత్తిరిస్తూ రెక్క ఒంపుకు సరిపోయేలా అచ్చు చేయండి, ఎవరితో చేయించినా ఆ అట్టలే సాక్ష్యం.

5. చుట్ల లెక్క

రెక్క కొన, గాలి కంటే ఎన్ని రెట్లు వేగంగా పోతుందో దాన్ని టిప్ స్పీడ్ రేషియో అంటారు. సన్నటి మూడు రెక్కల వాటికి మామూలుగా 5 నుంచి 7 ఉంటుంది. వెడల్పు రెక్కలకు, అయిదారు రెక్కల వాటికి ఇంకా తక్కువ. ఇది మన ఊరికి చాలా ముఖ్యం, ఎందుకో చూడండి. రెండు మీటర్ల రోటర్, బ్యాటరీకి చార్జింగ్ మొదలవ్వాలంటే 200 చుట్లు తిరగాలి అనుకుందాం. రేషియో 6 ఉన్న రెక్కలైతే సెకనుకు మూడున్నర మీటర్ల గాలికే చార్జింగ్ మొదలవుతుంది. 4 ఉన్నవి బిగిస్తే సెకనుకు 5.2 మీటర్ల గాలి కావాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తప్ప హైదరాబాద్‌లో అంత గాలి రోజూ ఎక్కడ వస్తుంది? చూడటానికి గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, బ్యాటరీలోకి మాత్రం ఏమీ రాదు. "అయిదు రెక్కలు పెడితే చిన్న గాలికే తిరుగుతుంది సార్" అని ఎవరైనా అంటే తిరగడం వేరు, చార్జ్ చేయడం వేరు అని గుర్తుంచుకోండి.

పొడవు రెక్కలు పెడదామన్న ఆశ నాకూ కలిగింది. పొడవు 10 శాతం పెంచితే గాలి పట్టే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, వినడానికి బాగుంటుంది. కానీ గాలి ఎక్కువైనప్పుడు తోక మడుచుకుని మిషన్ పక్కకు తప్పుకునే ఏర్పాటు పాత రోటర్ లెక్కతో చేసింది. పెద్ద రెక్కలు పెడితే ఆ లెక్క చెడుతుంది. పాత వ్యాసానికి సమానంగా గానీ, కాస్త తక్కువగా గానీ తీసుకోండి.

6. ఎక్కడ దొరుకుతాయి

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లను ముందు ఫొటో అడగండి, టేపు పక్కన పెట్టి తీసిన బెజ్జాల ఫొటో. దిక్కు రాతపూర్వకంగా అడగండి. మూడూ తూచి జత కలిపిన సెట్టేనా అని అడగండి. ఇవేవీ అడగకుండా నేను తెప్పించిన సెట్‌లో ఒక్కో రెక్కకు మూడు బెజ్జాలున్నాయి, నా హబ్‌లో ఒక్కో రెక్కకు ఉన్నవి రెండే, పైగా తిరిగే దిక్కు ఎదురు. వెనక్కి తీసుకోలేదు. కొత్త బెజ్జాలు వేద్దామా అనుకున్నా గానీ, ఎక్కువ బలం పడే చోటే రెక్కకు చిల్లు పెట్టినట్టు అవుతుందని మానేశాను. బెజ్జాలు మాత్రమే తేడా ఉండి మిగతావన్నీ కుదిరితే రెక్కను ముట్టుకోకండి, మధ్యలో అడాప్టర్ ప్లేటు చేయించండి. బాలానగర్, జీడిమెట్లలో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రాల) షాపులు బోలెడున్నాయి. డ్రాయింగ్ ఇచ్చి 8 మిల్లీమీటర్ల మందం, 6061 రకం అల్యూమినియం పలకలో కోయించండి. రాయదుర్గంలోని టీ వర్క్స్‌లో కూడా ఇలాంటి నమూనా పనులు చేసే యంత్రాలున్నాయి.

కొరియర్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. ఎయిర్ కొరియర్ వాళ్లు సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 120, 30, 25 కొలతల పెట్టె అసలు బరువు 5 కిలోలే అయినా 18 కిలోలకు డబ్బు కట్టాలి.

రెండో దారి ఫైబర్ రెక్కలు పోయించడం. చివరికి నాకు పని అయింది ఇలాగే. ఎఫ్‌ఆర్‌పీ (గ్లాస్ ఫైబర్, రెజిన్ కలిపి పోసే ప్లాస్టిక్) తలుపులు, ట్యాంకులు, బస్సుల బంపర్లు చేసే చిన్న షెడ్లు జీడిమెట్ల, చర్లపల్లి వైపు ఉన్నాయి. బాగున్న రెక్క పట్టుకెళ్లి "అన్నా, దీన్ని అచ్చు తీసి మూడు పోయాలి" అంటే అర్థం చేసుకుంటారు, కానీ మీరు నిలబడి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. గ్లాస్ దారాల ముక్కలతో చేసిన మ్యాట్ ఒక్కటే వేస్తే సరిపోదు, రెక్క పొడవునా దారాలు నడిచేలా నేసిన గ్లాస్ గుడ్డ వేయాలి, లాగే బలమంతా ఆ దిశలోనే ఉంటుంది కదా. మొదట్లో బోలు ఉండకూడదు, గట్టిగా నిండాలి. మూడు రెక్కలకూ గుడ్డను, రెజిన్‌ను తూకం వేసి ఒకే లెక్కన పెట్టించండి. మా మేస్త్రీ మొదట చేత్తో ఉజ్జాయింపుగా పోసినవి ఒకదానికొకటి 90 గ్రాములు తేడా వచ్చాయి, రెండోసారి తూచి పోస్తే 12 గ్రాములకు దిగింది. ఇంట్లో మీరే పోసే ప్రయత్నం చేస్తే ఒక్క మాట: రెజిన్ గట్టిపడటానికి వేసే హార్డెనర్, కోబాల్ట్ యాక్సిలరేటర్ రెండూ నేరుగా ఎప్పుడూ కలపకండి, పేలుతుంది. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిపాకే రెండోది వేయాలి.

మూడో దారి చెక్క. స్కాట్లాండ్‌లోని స్కొరైగ్‌లో ఉండే హ్యూ పిగ్గట్ దశాబ్దాలుగా చేత్తో చెక్కిన రెక్కలతో గాలిమరలు చేస్తూ ప్రపంచానికి నేర్పించారు, కాబట్టి దీన్ని నాటు పద్ధతి అనుకోనక్కర్లేదు. భోయిగూడ టింబర్ డిపోల్లో ముడులు లేని, ఈనెలు నిటారుగా పొడవునా నడిచే, బాగా ఆరిన చెక్క వెతకండి. మూడు రెక్కలూ ఒకే దూలం నుంచి తీస్తే బరువులు దగ్గరగా వస్తాయి. అట్ట అచ్చులు చూపిస్తే మంచి వడ్రంగి చెక్కగలడు. వానకు నీళ్లు పీల్చకుండా ఎపాక్సీ పూత, ముందంచుకు పాలీయురేథేన్ టేపు తప్పనిసరి.

పీవీసీ పైపు కోసి చేసిన రెక్కలు పిల్లల ప్రాజెక్టుకు సరే, మన ఎండకు పెళుసెక్కుతాయి, జనం తిరిగే ఇళ్ల మధ్య వద్దు. త్రీడీ ప్రింట్‌లో వాడే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెల మేడ మీద అదీ వద్దు.

7. జత కలిపి బిగించడం

ఒక్క రెక్క మార్చడం అనేది లేదు. ఎప్పుడైనా మూడూ కలిపి సెట్టే.

బరువు ఒక్కటే సమానమైతే చాలదు. ప్రతి రెక్కనూ పెన్సిల్ మీద అడ్డంగా నిలబెట్టి బరువు కేంద్రం గుర్తించండి, హబ్ నడిమి నుంచి దాని దూరాన్ని బరువుతో గుణించండి. ఆ మూడు అంకెలూ కలవాలి. 10 గ్రాముల తేడా ఏపాటిది అనిపిస్తుంది కదా, అర మీటరు దూరంలో, 600 చుట్ల దగ్గర అది రెండు కిలోల బలంతో లాగుతుంది, అదీ సెకనుకు పదిసార్లు దిక్కు మారుస్తూ. తేలికైన రెక్క మొదలు దగ్గర, వెనక వైపు చిన్న సీసం రేకు ముక్క స్క్రూతో బిగించి సరిచేయండి, జిగురుతో అంటిస్తే ఊడి ఎగిరిపోతుంది.

హబ్‌కు బిగించాక ఫ్యాను ఆపి, కిటికీలు మూసిన గదిలో నడిమి నుంచి దారంతో వేలాడదీసి చూడండి, చదునుగా నిలవాలి. కొన నుంచి కొనకు మూడు దూరాలూ సమానంగా ఉండాలి. షాఫ్ట్‌కు ఎక్కించాక, స్తంభానికి ఒక పుల్ల కట్టి రెక్కలు నెమ్మదిగా తిప్పితే మూడు కొనలూ ఆ పుల్ల ముందు నుంచి ఒకే దూరంలో పోవాలి. మాకు ఒకటి 9 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది, ఆ రెక్క మొదలు కింద పలచటి స్టీల్ రేకు (షిమ్) పెడితే సరిపోయింది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్, నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ ఉంగరం ఉండేవి), అన్నీ కొత్తవే, టార్క్ రెంచితో ఒకదాని తర్వాత దాని ఎదురుది బిగించాలి.

8. మొదటి రోజులు

గాలి తక్కువ ఉన్న ఉదయం పైకెత్తి, బ్రేక్ వదిలి, కింద స్తంభం మీద చెయ్యి ఆనించండి. సన్నటి జుయ్‌మనే కదలిక ఉంటే ఫర్వాలేదు, దడదడ కొడితే వెంటనే ఆపి బ్యాలెన్స్ మళ్లీ చూడండి. రెండు మీటర్ల రోటర్ 600 చుట్ల దగ్గర కొన వేగం గంటకు సుమారు 226 కిలోమీటర్లు, అందుకే మొదటి వారం ఎవరినీ రెక్కలు తిరిగే గీతకు సూటిగా నిలబడనివ్వకండి. కరెంటు పాత లెక్కతో పోల్చేటప్పుడు ఇంకో సంగతి: కంపెనీ పట్టికలు సముద్ర మట్టం, 15 డిగ్రీల గాలికి వేసినవి. మనం 540 మీటర్ల ఎత్తులో ఉన్నాం, 35 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి దానికంటే దాదాపు 12 శాతం పలచన. కాబట్టి పట్టికలో ఉన్నంత రాలేదని రెక్కలను అనుమానించొద్దు.

వారానికి ఒకసారి దించి బోల్టులు చూడండి. కొత్త ఫైబర్ కొద్దిగా నలుగుతుంది, మాకు రెండో వారంలో అన్నీ ముప్పాతిక చుట్టు బిగిశాయి, తర్వాత కదల్లేదు. అచ్చు ఇప్పుడు మా స్టోర్ రూమ్‌లో ఉంది, నాలుగో రెక్క కూడా పోయించి అట్ట అచ్చులతో కలిపి గుడ్డలో చుట్టి పెట్టాను. భోగి ముందు రోజు మాత్రం మిషన్‌కి బ్రేక్ వేసి రెక్కలు కట్టేస్తున్నాం, కనుమ వెళ్లాక ముందంచులు గోరుతో తడిమి చూసి, మాంజా గాట్లు ఏమీ లేవనుకున్నాకే విప్పుతున్నాం.